మరిదికి జామీను

ఆగస్టు 12

సంతకం పెట్టేశాను.

మేజిస్ట్రేటు వయసులో నాకంటే బాగా చిన్నది. కళ్ళద్దాల పైనుంచి చూస్తూ, "ఇతను వాయిదాకి రాకపోతే ఏమవుతుందో తెలుసా అమ్మా?" అని అడిగింది. తెలుసన్నాను. ఇల్లు అమ్మితే తప్ప తీరని మొత్తం. మా మరిది కసొండె పాస్‌పోర్టు కోర్టు ఉంచుకుంది. సోమవారం, శుక్రవారం పోలీసు స్టేషన్లో సంతకం పెట్టాలి. కిట్వే ఊరు దాటకూడదు.

రెండో జామీను సిమ్వింగా గారు. వ్యవసాయ శాఖలో అధికారి, మా చర్చిలో పెద్ద. ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చాడు. ఈ రోజుల్లో అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు?

బయటికి రాగానే మా చెల్లెలు చోలా అందరి ముందూ నేలమీద మోకరిల్లి నాకు చేతులు చరిచి దండం పెట్టింది. "లే, చితెంగె దుమ్ము కొట్టుకుపోతోంది" అన్నాను. నడుముకి చుట్టుకునే గుడ్డల్లో మంచిదే కట్టుకొచ్చింది.

కసొండె సగమయ్యాడు. కారులో బన్నులు తింటూ ఏడ్చాడు. "వదినా, మీ ఇంటికి ఏమీ కానివ్వను" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

వేయని బోర్లకి బిల్లులు చెల్లించాడని కేసు. కౌన్సిల్లో కొనుగోళ్ళ అధికారి సంతకం లేనిదే బిల్లు కదలదు. సంతకం ఇతనిదే. తనిఖీ అయిందన్న కాగితం చూసి పెట్టానంటాడు. అయి ఉండొచ్చు.

ఆగస్టు 13

మా ఆయన లాజరస్ ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ళు గనిలో పనిచేసి కట్టిన ఇల్లు. ఏదో ఒకటి అంటే బాగుండేది.

ఆగస్టు 19

బడి అయ్యాక చోలా ఇంటికి వెళ్ళాను. వేరుశనగలు ఇవ్వడానికి. అతను ఉన్నాడో లేదో చూడటానికి కాదు.

ఉన్నాడు. కూతురు బుపెకి లెక్కలు చెబుతున్నాడు.

ఆగస్టు 23

వేరుశనగలు ఇచ్చి వచ్చాను.

సెప్టెంబరు 1

ప్రార్థన అయ్యాక సిమ్వింగా నా పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"మనవాడు ఎలా ఉన్నాడు మేడమ్?"

"బానే ఉన్నాడు. ఇంట్లోనే ఉంటున్నాడు."

"దేవుడి దయ. అయినా మనం కాస్త కనిపెట్టి ఉండాలి. నాకేముంది, పాత సైకిలు తప్ప! మీకైతే ఇల్లుంది." నవ్వాడు. "నిన్న కలలో మీ ఇంటిముందు వేలంపాట జరుగుతోంది. పిచ్చి కల, వదిలేయండి."

వదిలేయమంటే వదిలేయడానికి అదేమైనా చేతిసంచీనా?

సెప్టెంబరు 6

మధ్యాహ్నం ఖాళీ పీరియడు. సుద్దముక్కలు కొనడానికి స్టేషను వైపు వెళ్ళాను. కసొండె లోపలికి వెళ్ళి సంతకం పెట్టి బయటికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. ఇంటి దారి పట్టలేదు. చింగోలా మినీబస్సు ఎక్కాడు.

చింగోలా తర్వాత చిలిలబొంబ్వే. ఆ తర్వాత కాంగో సరిహద్దు.

సుద్దముక్కలు మర్చిపోయి వచ్చాను.

సెప్టెంబరు 9

చోలాని అడిగాను, మాటల్లో మాటగా. "శుక్రవారం ఫోను చేద్దామనుకున్నాను, మీ ఆయన ఉన్నాడా ఇంట్లో?"

"ఉన్నాడుగా. ఎక్కడికి పోతాడు?" అని కుండ వైపు తిరిగింది.

నా చెల్లెలు నాతో అబద్ధం చెప్పింది. చిన్నప్పుడు చక్కెర తిని మూతి తుడుచుకున్నప్పుడు కూడా ఇలాగే కుండ వైపు తిరిగేది. అంటే ఇద్దరూ కలిసే. ఇల్లు పోయేది నాది.

సెప్టెంబరు 20

ఒంట్లో బాగోలేదని బడికి సెలవు పెట్టి అతని వెనక వెళ్ళాను. తలకి గుడ్డ చుట్టుకుని, వెనక బస్సులో. యాభై రెండేళ్ళ ఉపప్రధానోపాధ్యాయురాలిని. నా విద్యార్థులెవరైనా చూస్తే ఏమనుకునేవారో!

చిలిలబొంబ్వేలో దిగాడు. చేపల బజారు వెనక లారీలు బారులు తీరి ఉంటాయి, సరిహద్దు తెరిచే దాకా. అక్కడ ఒకతను గడపమీద కూర్చుని ఉన్నాడు. నూనె మరకల బట్టలు, కుంటి కాలు. కసొండె అతనికి మొక్కజొన్న పిండి బస్తా ఇచ్చాడు. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. నేను ఎండు కపెంటా చేపలు బేరమాడుతున్నట్టు నిలబడ్డాను.

ఆ కుంటివాడు పుల్ల తీసుకుని దుమ్ములో గీశాడు. ఒక గీత. గీత వెంట అక్కడక్కడా చిన్న గుర్తులు. కసొండె వేలితో ఒక్కొక్కటీ చూపిస్తూ అడిగాడు. అతను తల ఊపాడు. లేచేముందు కసొండె కాలితో అంతా చెరిపేశాడు.

దారి. అడవిలోంచి దారి. ఇంకేమవుతుంది?

"అమ్మా, కొంటావా, వాసన చూసే కడుపు నింపుకుంటావా?" అని చేపలామె కసిరింది. కొన్నాను. ఇంటికి వచ్చాక లాజరస్ "చిలిలబొంబ్వే కపెంటా లాగుందే" అన్నాడు. బజార్లో కొన్నానని చెప్పాను.

సెప్టెంబరు 22

సిమ్వింగాకి చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలిగా. అతనూ జామీనే.

కళ్ళు మూసుకుని విన్నాడు. "సరిహద్దు దాటించేవాళ్ళు అలాగే గీసి చూపిస్తారు మేడమ్. నేను విన్నాను." తర్వాత ఆ మనిషి ఎలా ఉంటాడని అడిగాడు. చెప్పాను. ఏ కాలు కుంటి అని అడిగాడు. కుడి. ఎక్కడ కూర్చుంటాడని మళ్ళీ అడిగాడు. చేపల బజారు వెనక, నీలం తలుపు గడప మీద. అంత శ్రద్ధగా వినేవాళ్ళు మా ఇంట్లో లేరు.

సెప్టెంబరు 25

లాజరస్‌తో గొడవ. చివరికి అతనికీ చెప్పాల్సి వచ్చింది.

"అతన్నే అడుగు" అన్నాడు.

"అడిగితే నిజం చెబుతాడా?"

"అడక్కుండా నీకు తెలిసిందేమిటి?"

"కళ్ళతో చూశాను!"

"చూశావు. వినలేదు." దగ్గు వచ్చి ఆగాడు. "ఊరు దాటితే బెయిలు పోతుందని అతనికి తెలుసు. తెలిసీ వెళ్ళాడంటే ఏదో ఉంటుంది ప్రిస్కా. అడుగు."

తోడల్లుడంటే చాలు, వెనకేసుకొస్తాడు.

సెప్టెంబరు 29

భోజనానికి పిలిచాను, అడుగుదామనే. మొక్కజొన్న పిండితో న్షిమా ముద్ద, కోడికూర, గుమ్మడాకు. కసొండె చేతులు కడుక్కుంటూ, "వదినా, నన్నేమైనా అడగాలా? ఈమధ్య మీరు నన్ను బస్సులో పక్క మనిషిని చూసినట్టు చూస్తున్నారు" అన్నాడు. నవ్వుతూనే.

"ఏం లేదు. కూర వేసుకో."

"నేనే ఒకటి చెప్పాలనుకుంటున్నాను. మీకు తెలియాలి, మీ ఇల్లు..."

అప్పుడే సిమ్వింగా వచ్చాడు. దారిన పోతూ పలకరిద్దామని వచ్చాడట. కూర్చున్నాడు, కోడి తొడ తీసుకున్నాడు. కసొండె నోరు మూతపడింది. ఆ తర్వాత వాతావరణం గురించి తప్ప ఒక్క మాట లేదు. మంచి మనిషి ముందు కూర్చుంటే తప్పు చేసినవాడికి అలాగే ఉంటుంది.

అక్టోబరు 3

సిమ్వింగా బడికి వచ్చాడు. మనం జామీను వెనక్కి తీసుకోవచ్చట. కోర్టుకి వెళ్ళి చెబితే చాలట.

"మీరే చెప్పొచ్చుగా" అన్నాను.

"నేను చెబితే ఏదో పగ అనుకుంటారు మేడమ్. మీరు సొంత వదిన. మీ మాట కోర్టు వింటుంది."

నిజమే. నా మాటకి విలువ ఉంది.

అక్టోబరు 7

చెప్పాను.

బోనులో నిలబడి, "ఇతను ఊరు దాటి సరిహద్దు దగ్గర మనుషుల్ని కలుస్తున్నాడు. పారిపోతాడని నా నమ్మకం" అన్నాను. మేజిస్ట్రేటు "చిలిలబొంబ్వే వెళ్ళావా?" అని అడిగితే, కసొండె "వెళ్ళాను" అన్నాడు. ఎందుకంటే, "ఇప్పుడు చెప్పలేను" అన్నాడు. చెప్పడానికేముంటే చెబుతాడు?

సంకెళ్ళు వేసేటప్పుడు నన్ను తిడతాడనుకున్నాను. నా వైపు చూడనే లేదు. సిమ్వింగా వైపే చూశాడు, చాలాసేపు.

చోలా కోర్టులో లేదు. కోర్టుకి వెళ్తున్నానని నేను తనకి చెప్పలేదు.

అక్టోబరు 8

ఇల్లు దక్కింది.

అక్టోబరు 10

చోలా వచ్చింది. చెప్పులు విప్పలేదు, కూర్చోలేదు.

"నన్ను అడగొచ్చుగా అక్కా."

"అడిగాను. ఇంట్లోనే ఉన్నాడన్నావు."

"అబద్ధం చెప్పాను. నిజం చెబితే ఆదివారానికల్లా సిమ్వింగా చెవిన పడుతుంది. అతని పక్కనే కదా నువ్వు కూర్చునేది?"

"సిమ్వింగాకి తెలిస్తే ఏం?"

"ఆ కుంటాయన బోరు బండి తోలేవాడు. ఏ ఊళ్ళో బోరు వేశారో, ఏ ఊళ్ళో వేయకుండా బండి వెనక్కి తిప్పారో అన్నీ తెలిసినవాడు. కోర్టుకి వచ్చి చెబుతానని ఒప్పుకున్నాడు. వేయని ఊళ్ళు గీసి చూపించాడు. బోర్లు తనిఖీ చేశాను, నీళ్ళు పడ్డాయి అని కాగితం రాసిచ్చింది ఎవరనుకున్నావు? మీ సిమ్వింగా. ఆ కాగితం చూసే మా ఆయన బిల్లు మీద సంతకం పెట్టాడు."

"మరి అలాంటివాణ్ణి జామీనుగా ఎందుకు ఒప్పుకున్నారు?"

"రిమాండులో ఉన్నప్పుడు ఆయనకి తెలియదు. స్నేహితుడనుకున్నాడు. బయటికొచ్చి ఆ కుంటాయన్ని వెతికి పట్టుకున్నాకే తెలిసింది."

వెళ్ళిపోయింది. కథ బాగానే అల్లారు. అన్నీ అతికినట్టున్నాయి. నిజమైతే అంత బాగా అతకదు.

అక్టోబరు 11

సిమ్వింగాయే ముందుకొచ్చి జామీను ఇచ్చాడు. తప్పు చేసినవాడు ఎందుకిస్తాడు?

అక్టోబరు 24

స్వాతంత్ర్య దినం. పిల్లలతో కవాతు. ఎండ మండిపోతోంది, రోజులో సగం కరెంటు లేదు. ప్రతిసారీ ఈ రోజు చోలా వాళ్ళింట్లోనే తినేవాళ్ళం.

అక్టోబరు 28

కసొండెకి మళ్ళీ బెయిలు వచ్చింది. నా బదులు చిపిమో అనే లారీల వ్యాపారి జామీను. కౌన్సిల్ పనులకి వెళ్ళే బండ్లన్నీ అతనివే. సిమ్వింగా తీసుకొచ్చాడట. జైల్లో దగ్గి దగ్గి చచ్చిపోతాడేమోనని చోలా కాదనలేకపోయిందని లాజరస్ చెప్పాడు. ఆమె లాజరస్‌తో మాట్లాడుతోంది.

నవంబరు 3

కసొండె వచ్చాడు. నా కోసం కాదు. మామిడిచెట్టు కింద లాజరస్‌తో చాలాసేపు కూర్చున్నాడు. టీ తీసుకుని వెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయి. "థాంక్స్ వదినా" అని కప్పు అందుకున్నాడు. చేతులు ఎముకలే.

"ఏం మాట్లాడుకున్నారు?" అని తర్వాత అడిగాను.

"మామిడికాయల గురించి" అన్నాడు లాజరస్.

నవంబరు 12

కసొండె నిన్న ఉదయం స్టేషన్లో సంతకం పెట్టాడట. తర్వాత ఇంటికి రాలేదు.

నేను చెప్పాను.

నవంబరు 13

స్టాఫ్ రూములో అందరూ నా చుట్టూ చేరారు. "మేడమ్ ముక్కు మామూలు ముక్కు కాదు, పోలీసు కుక్క కూడా సెలవు పెట్టాలి" అని లెక్కల మాస్టారు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నేను చెప్పాను. ఎవరూ వినలేదు. ఇప్పుడు వింటున్నారు.

చోలాకి ఫోను చేశాను. ఎత్తలేదు.

నవంబరు 17

సిమ్వింగా ఇవాళ చర్చిలో పాట అందరికంటే గట్టిగా పాడాడు. జామీను డబ్బు కోర్టు అడిగిందట, చిపిమో తన వంతూ ఇతని వంతూ కలిపి కట్టేశాడట. గొడవ లేదు, గడువు అడగలేదు.

"బాధగా లేదా?" అని అడిగాను.

"దేవుడు ఇచ్చాడు, తీసుకున్నాడు" అన్నాడు. కొత్త బూట్లు వేసుకున్నాడు.

నాకు జామీను పోతుందని భయం వేస్తేనే తిండి సయించలేదు. నిజంగా పోయినవాడికి కొత్త బూట్లు ఎలా వచ్చాయి?

ఏదో ఉంటుంది. జీతం వచ్చి ఉంటుంది.

నవంబరు 18

పొద్దున్నే లాజరస్‌ని నిలదీశాను. మామిడిచెట్టు కింద ఏం మాట్లాడుకున్నారో చెప్పమన్నాను. గిన్నె కింద పెట్టి చెప్పాడు.

"ఇరవయ్యో తారీఖు వాయిదాకి నోరు విప్పుతానన్నాడు. బోరు బండి చిపిమోది. తనిఖీ కాగితం సిమ్వింగాది. సాక్షి దొరకడం లేదు, అయినా ఇద్దరి పేర్లూ చెబుతానన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు సిమ్వింగాకి చెబుతావని."

"నేనెందుకు చెబుతాను?"

లాజరస్ నా వైపు చూశాడు. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది. "కుంటాయన సంగతి చెప్పావుగా" అన్నాడు.

నవంబరు 19

చిలిలబొంబ్వే వెళ్ళాను. తలకి గుడ్డ చుట్టుకోలేదు.

నీలం తలుపుకి తాళం. చేపలామె నన్ను గుర్తుపట్టలేదు. ఆ కుంటాయన సరిహద్దు దాటించేవాడట కదా అని అడిగితే పక్కామెని పిలిచి మరీ నవ్వింది.

"వినవే, మన కుంటాయన కాంగో దాటిస్తాడట! అమ్మా, వాన పడితే ఈ మురుక్కాలవ దాటడానికి మేమిద్దరం అతన్ని రెక్కలు పట్టుకుని మోసేవాళ్ళం. బోరు బండి కాలుమీద ఎక్కింది పాపం."

"ఎక్కడున్నాడు?"

నవ్వు ఆగింది. తెల్ల బండి వచ్చిందట. పని ఉంది రమ్మన్నారట. పళ్ళెంలో తిండి అలాగే వదిలి ఎక్కాడట. సెప్టెంబరు ఆఖర్లో.

నేను సిమ్వింగాకి చెప్పింది సెప్టెంబరు ఇరవై రెండున. కోర్టులో చెప్పకముందే. నేను చెప్పిన వారంలోనే.

నేనే చెప్పాను. ఏ కాలో కూడా చెప్పాను.

నవంబరు 20

వాయిదా. ముద్దాయి పరారీ అని రాసుకుని కేసు పక్కన పెట్టారు. మిగతా ఎవరినీ పిలవలేదు. నేరమంతా పారిపోయినవాడిదే అయింది.

నవంబరు 22

స్టేషనుకి వెళ్ళాను. కసొండె పారిపోలేదని చెప్పాను. బోరు బండి, తనిఖీ కాగితం, కుంటాయన, తెల్ల బండి, అన్నీ చెప్పాను. అధికారి ఓపిగ్గానే విన్నాడు.

"మీరు ప్రిస్కా మేడమ్ కదూ? మా తమ్ముడికి పాఠాలు చెప్పారు." లేచి ఫైలు తెచ్చి చదివాడు. "పారిపోతాడని నా నమ్మకం. ఇది ఎవరి మాటమ్మా?"

"నాదే."

"సొంత వదిన చెప్పింది, చెప్పినట్టే జరిగింది. ఇప్పుడు మళ్ళీ మీరే వచ్చి కాదంటారు. ఏ మాట నమ్మమంటారు?"

"ఆ రోజు స్టేషన్లో సంతకం పెట్టాడుగా! పారిపోయేవాడు ఎందుకు పెడతాడు?"

"శుక్రవారం దాకా ఎవరూ వెతకరని" అన్నాడు. మర్యాదగానే. రెండు నెలల కిందట ఎవరైనా అడిగితే నేనూ సరిగ్గా అదే చెప్పేదాన్ని.

డిసెంబరు 1

వాన. చర్చిలో వెనక వరసలో కూర్చున్నాను. సిమ్వింగా లేచి వెనక్కి వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"స్టేషనుకి వెళ్ళారట మేడమ్."

బల్ల మీద కాస్త పక్కకి జరిగాను.

"వయసులో పెద్దవారు. లాజరస్ గారికి ఊపిరితిత్తులు బాగోలేవు. మీరిద్దరే ఉంటారు ఆ ఇంట్లో. జాగ్రత్తగా ఉండాలి." పాటల పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టాడు. ఆ పేజీలో ఏ పాట ఉందో చూడలేదు. లేచి వానలోనే ఇంటికి వచ్చాను.

డిసెంబరు 6

పరీక్షలైపోయాయి. బడి గేటు దగ్గర చోలా నిలబడి ఉంది. తడిసిన గొడుగు, పక్కన బుపె. రెండు నెలల తర్వాత.

"లాజరస్ బావ చెప్పాడు, స్టేషనుకి వెళ్ళావట."

"వెళ్ళాను."

"ఆయన పారిపోలేదని చెప్పావట."

"పారిపోలేదు చోలా. నాకు తెలుసు. నేను నమ్ముతున్నాను."

పిల్లలందరూ వెళ్ళిపోతూ "మంచి సెలవులు మేడమ్!" అని అరుస్తున్నారు.

"ఇప్పుడా అక్కా?" అంది.

బుపెని గొడుగు కిందికి లాక్కుని వెళ్ళిపోయింది.

డిసెంబరు 9

చోలా ఒక్కతే స్టేషనుకి వెళ్తుందేమోనని నేనూ వెళ్ళాను. అప్పటికే బెంచీ మీద ఉంది. పక్కన కూర్చున్నాను. జరగలేదు, లేవలేదు.

అధికారి మమ్మల్ని చూసి నిట్టూర్చాడు. మధ్యాహ్నం దాకా పిలవలేదు. మేము కదల్లేదు. చోలా ఉడకబెట్టిన మొక్కజొన్న కంకి తెచ్చుకుంది. సగం విరిచి నా వైపు చూడకుండా ఇచ్చింది.

చివరికి పిలిచాడు. "ఏమని రాయమంటారు?"

"మా ఆయన కనపడటం లేదని" అంది చోలా.

"పరారీ అని ఆల్రెడీ రాసి ఉందమ్మా."

"అది కొట్టేయండి. కనపడటం లేదని రాయండి. చిపిమో బండ్లు వెతకమని రాయండి."

కలం పట్టుకుని తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "ఆ పేరు రాస్తే రేపు వాళ్ళొచ్చి ఎవరు చెప్పారని అడుగుతారు. అడిగితే నేను దాచలేను. పిల్లదానితో ఉంటోంది ఈవిడ. ఎవరి పేరు రాయను?"

చోలా నోరు తెరిచేలోపు నేను చెప్పాను. నా పేరు, నా ఇంటిపేరు. వీధి, ఇంటి నంబరు. గేటు రంగు కూడా చెప్పాను, వెతుక్కోనక్కర్లేకుండా.

రాసుకున్నాడు.